తోడుగంటలు

కిన్నెరకు జ్వరం వచ్చిన రోజున తల్లి తోడు: నాలుగు నిమిషాలు.

కుటుంబ న్యాయస్థానం గోడతెర మీద ఆ అంకె చూసి నీరద నిర్ఘాంతపోయింది. ఆ రోజంతా పిల్ల మంచం పక్కనే ఉంది తను. ఆ కిందే, భర్త శశాంక్ ఆదివారం పిల్లతో బొమ్మల సినిమా చూసిన రెండు గంటల పది నిమిషాలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

విడిపోయే దంపతుల్లో బిడ్డ ఎవరిదో ఇప్పుడు తోడుంగరమే తేలుస్తోంది. తీర్పు దాకా అందరూ ఒకే ఇంట్లో ఉండాలి. బిడ్డ పిలిస్తే వినపడే దూరంలో ఎవరెంతసేపు కూర్చున్నారో వేలి ఉంగరం కొలుస్తుంది. లేస్తే ఒక విడత ముగుస్తుంది. కూర్చుంటే మరొకటి మొదలవుతుంది.

ఉంగరాల పరీక్షకురాలు జుబేదా ప్రోగ్రాము విప్పి చూసి నిట్టూర్చింది.

"విడతలన్నీ కూడే గడి రోజంతటికీ ఒక్కటే, విడతలకు బయట ఉండాలండీ. వీళ్లు దాన్ని విడత లోపల పెట్టేశారు. మీరు కూర్చున్న ప్రతిసారీ సున్నాతో కొత్త గడి పుడుతోంది. చివరి విడత ఒక్కటే మిగులుతోంది."

"గంజి తేవడానికి లేచినా?"

"లేచినా."

"తడిగుడ్డ పిండుకు రావడానికి?"

"అదీ అంతే."

"మరి ఆయనకి?"

"ఆయన కూర్చుంటే లేవరు కదండీ. కాఫీ కూడా మీరే అందించి ఉంటారు."

"పకోడీలు కూడా," అంది నీరద.

పోయిన విడతలు ఎక్కడా దాచలేదు గనక పాత లెక్క మారదు. కొత్త ఉంగరాలకు ఏడాది పడుతుంది. తీర్పు నలభై రోజుల్లో.

జుబేదా గొంతు తగ్గించింది. "నేను చెప్పకూడదు. ఈ నలభై రోజులూ లేవకండి."

నీరద లేవలేదు. పిల్ల బడి నుంచి వచ్చే వేళకి హాల్లో కుర్చీలో కూర్చునేది. "అమ్మా, ఆకలి!" అంటే, "డబ్బాలో అటుకులున్నాయి, తెచ్చుకో తల్లీ." "అమ్మా, డబ్బా అందట్లేదు!" అంటే, "స్టూలు వేసుకో." అలా అన్న ప్రతిసారీ ఆమె కుర్చీ చేతులు గట్టిగా పట్టుకునేది. కాఫీకి తనే లేవాల్సి వచ్చిన శశాంక్ గంటలు మాత్రం రాలిపోయాయి.

బిడ్డ నీరదకే దక్కింది.

వారం తర్వాత స్నానాలగదిలో నీళ్ల చప్పుడు విని వెళ్లింది. కిన్నెర మోకాలి మీది రక్తం కడుక్కుని, గుడ్డ ఒక కొస పళ్లతో పట్టుకుని కట్టు కట్టుకుంటోంది. ఆటలో పడి గంటైందట.

"పిలవచ్చు కదే బంగారం! హాల్లోనే ఉన్నానుగా!"

"ఉన్నావు," అంది ఆరేళ్ల కిన్నెర, ముడి బిగించుకుంటూ. "కానీ నువ్వు లేవవు కదమ్మా."

ఆ గొంతులో అలక కూడా లేదు.