ఓబులేసు చేనులో కావలి కడ్డీ

డాక్టర్ హైమవతి ఆ తెల్లటి కడ్డీని మట్టిలోకి జానెడు లోతు దించి, పైన ఉన్న మూత తిప్పింది. పచ్చలైటు వెలిగింది.

"అయిపోయిందండీ. ఇక మీ చేను సంగతి మీ చేనే చెప్పుకుంటుంది," అంది.

ఓబులేసు కడ్డీ చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. "ఇంతేనా మేడమ్? దీనికి ఏడేండ్లు పట్టెనా?"

"కడ్డీకి రెండేళ్లే పట్టింది. రూలు మార్పించడానికి మిగతా ఐదూ."

ఓబులేసు పండించేది హెంపు. దాని నారతో బట్టలు నేస్తారు, కాడ లోపలి బెండుతో ఇటుకలు చేస్తారు. పాపం దానికున్న దోషమల్లా గంజాయికి దాయాది కావడమే. ఆకు చూస్తే అచ్చం అదే. మత్తెక్కించే టీహెచ్‌సీ మాత్రం ఇందులో నూటికి సున్నా పాయింట్ మూడు కూడా ఉండదు. అయినా సర్కారుకు అనుమానం. అందుకే చేను ఊరికి నాలుగు మైళ్ల దూరాన ఉండాలన్నారు. చుట్టూ కంచె వేయాలన్నారు. లైసెన్సు ఉన్న రైతు తప్ప పురుగు కూడా లోపలికి రాకూడదు, ఆ రైతు గంటకు మించి బయట ఉండకూడదు. ఊరికి పోయి రావడానికే గంటన్నర పడుతుంటే, ఇక పలకరింపులెక్కడివి? భార్య పోయాక ఓబులేసు ఆ కంచె లోపల ఒంటికాయ శొంఠికొమ్ములా ఉండిపోయాడు. సరుకులు కూడా ఆటోవాడు గేటు దగ్గర పడేసి పోతాడు.

కంచె దాటి వారం వారం లోపలికొచ్చే మనిషి ఒక్కడే, ఇన్‌స్పెక్టర్ మస్తాన్‌వలీ. ప్రతి గురువారం వచ్చి, ఐదు మొక్కల చివర్లు తుంచి, నూరి, తన పెట్టెలో పెట్టేవాడు. ఫలితం రావడానికి మూడు గంటలు పట్టేది. ఆ మూడు గంటలూ ఇద్దరూ రేకుల నీడన కూర్చుని సంగటి, ఊరుబిండి పచ్చడి తింటూ లోకంలోని చెడ్డవాళ్లందర్నీ దులిపేసేవాళ్లు.

ఏడేళ్ల కిందట హైమవతి సర్వేకు వచ్చినప్పుడు గేటు బయట నిలబడే అడిగింది. "ఈ రూల్సన్నిటిలో మీ ప్రాణం తీసేది ఏదండీ?"

ఓబులేసు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఆ గురువారం తనిఖీనే మేడమ్! ఆ వలీ సారు వస్తాడు, నా సంగటంతా మింగుతాడు, నా బుర్ర తింటాడు, పోతాడు. ఆయప్ప పీడ వదిలిస్తే మీకు పున్నెముంటాది!"

ఆ పక్క మనుషుల తీరే అంత. గిట్టనివాణ్ణి 'గారూ' అని పక్కన పెడతారు, కావలసినవాణ్ణి తిట్టిపోస్తారు. హైమవతి మాత్రం సైంటిస్టు. చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. రాసుకున్నట్టే చేసి చూపించింది. ఆకుల మీద కడ్డీ వెలుతురు వేస్తుంది. తిరిగొచ్చిన వెలుతురు రంగును బట్టి టీహెచ్‌సీ ఎంతుందో తేల్చి, పది నిమిషాలకొకసారి రాజధానిలోని ఆఫీసుకు పంపిస్తుంది. హద్దు లోపల ఉంటే పచ్చలైటు. దాటితే ఎర్రలైటు. ఎర్రలైటు వెలిగితే ఇన్‌స్పెక్టరు ఇరవై నాలుగు గంటల్లో స్వయంగా వచ్చి పైరు తగలబెట్టించాలి.

తనిఖీల రూలు ఎత్తేశారు. రైతులు మిఠాయిలు పంచుకున్నారు. వలీని రాజధానికి బదిలీ చేసి, అన్ని చేలల్లోని కడ్డీలు పంపే లెక్కలు చూడడం, ఎర్రలైటు వెలిగిన చేనుకు పోవడం ఆయనకే అప్పగించారు.

మొదటి గురువారం ఓబులేసు అలవాటు కొద్దీ రెండు సంగటి ముద్దలు చేశాడు. రెండో గురువారమూ చేశాడు. మూడోవారం ఒకటే చేసి, అది కూడా తినబుద్ధి కాక, వలీకి ఫోన్ చేశాడు.

"నిన్ను రోజూ చూస్తానే ఉండాను గదప్పా!" అన్నాడు వలీ. "నా ముందర తెర మీద నాలుగు వేల చుక్కలుంటాయి. నీది పచ్చగా, నిమ్మళంగా ఉంటాది. నువ్వు అట్లుంటే నాకు దిగులే లేదు."

నన్ను చూస్తున్నాడంట! ఓబులేసుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వెంటనే హైమవతికి చేశాడు.

"మేడమ్, ఆ తనిఖీ మళ్లా పెట్టించండి."

"అదేంటండీ? పీడ వదిలించమని మీరే కదా అన్నారు?"

"మేము అట్లనే అంటాం మేడమ్. అన్నంత మాత్రాన నిజంగా పొమ్మని కాదు."

హైమవతి నెమ్మదిగా అంది. "కంచె రూలు గురించి మీరు ఒక్క ముక్క చెప్పి ఉంటే దాని మీదే పనిచేసేదాన్నండీ. ఇప్పుడు తనిఖీలు మళ్లీ పెట్టమంటే రైతులే నా మీదికొస్తారు."

నిజమే, ఆమె తప్పేముంది? ఓబులేసు తన నోటినే తిట్టుకున్నాడు.

కోతకొచ్చింది పైరు. హెంపుకు ఒక గుణముంది. అదను దాటి నిలబెడితే ముదిరి టీహెచ్‌సీ పెరుగుతుంది. ఓబులేసు కొడవలి ముట్టుకోలేదు. ఏడాది కష్టం బుగ్గి అవుతుందని తెలుసు. పోతే పోనీ! ఒక్క పూట మనిషి ఎదురుగా కూర్చుంటే చాలనిపించింది. పదకొండు రోజులు చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

పన్నెండో రోజు పొద్దున్నే ఎర్రలైటు వెలిగింది. ఓబులేసు గడ్డం గీసుకున్నాడు. ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. గేటు బార్లా తెరిచి, రాయి మీద కూర్చుని బాట వైపే చూశాడు.

మధ్యాహ్నం కడ్డీ మళ్లీ పచ్చబడింది. వెంటనే ఫోన్ మోగింది.

"ఓబులేసప్పా! నీ చుక్క ఎర్రబడేసరికి నా గుండె జారిపోయింది పో!" వలీ గొంతులో ఆయాసం. "టీహెచ్‌సీ హద్దును సున్నా పాయింట్ మూడు నుంచి ఒకటికి పెంచే జీవో సంతకం కాక మూలన పడుండె. పెద్దసార్ల కాళ్లావేళ్లా పడి ఇప్పుడే సంతకం పెట్టించినా. నీ పైరు బతికిందప్పా! నువ్వెంత ముదరబెట్టినా ఇంక ఎర్రలైటన్న మాటే లేదు. జన్మలో నేను నీ చేనుకు రావాల్సిన పనే పడదు!"

ఓబులేసుకు అసలు సంగతి నోటిదాకా వచ్చింది. చెబితే కావాలనే హద్దు దాటించానని ఒప్పుకున్నట్టే. తన లైసెన్సు పోతే పోయింది, తనకోసం అంతమంది కాళ్లు పట్టుకున్న మనిషి ముఖం ఎక్కడ పెట్టుకుంటాడు?

"సల్లగుండు సారూ," అన్నాడు.

వలీ సంతోషంగా నవ్వి ఫోన్ పెట్టేశాడు. ఆయనకు చూసుకోవలసిన చుక్కలు ఇంకా చాలా ఉన్నాయి.