మునగని దర్జీ

ఆ ఉదయం డిటెక్టివ్ గారి ఆఫీసు మెట్లు ఎక్కి వచ్చిన మనిషి నల్లని రబ్బరు సూటులో ఉన్నాడు. వీపు మీది జిప్పు సగంలో ఇరుక్కుంది. కుడి చెయ్యి బయటపడింది గానీ ఎడమది ఇంకా లోపలే ఉంది.

"నన్నెవరో నీళ్లలో మునగనివ్వడం లేదండీ," అన్నాడు గుమ్మంలోనే.

డిటెక్టివ్ తన కళ్లజోడు సర్దుకుని కుర్చీ చూపించింది. ఆమె అసిస్టెంటు ఇరవై ఎనిమిదేళ్లు బస్సులో టిక్కెట్లు కొట్టి రిటైరైన మనిషి. అందరూ ఇప్పటికీ కండక్టరనే పిలుస్తారు. ఎన్నో రకాల మనుషుల్ని ఎక్కించుకున్నాడు గానీ, ఈ వేషంలో ఒక్కరినీ చూడలేదు. జాలిపడి జిప్పు పట్టుకున్నాడు.

"లాగకండి, కుట్టు పోతుంది," అన్నాడు వచ్చినతను. ఆయన దర్జీ.

వెనకే ఆయన అత్తగారు వచ్చింది. డెబ్బై దాటినా మనిషి నిటారుగా ఉంది. ఆమె చేతిలోని తోలుసంచిని మర్యాదకి అందుకున్న కండక్టరు భుజం ఒక్కసారిగా కిందికి జారింది.

"ఏముందమ్మా ఇందులో?"

"మందులు," అందావిడ, సంచి వెనక్కి తీసుకుంటూ. "ఈ వయసులో మందులు బరువే నాయనా."

దర్జీ తన సంగతి చెప్పుకొచ్చాడు. నీళ్లు నిండిన ఒక పాత క్వారీలో ఆయన భార్య ఇరవై ఏళ్లపాటు స్కూబా డైవింగ్ నేర్పింది. ఆయన గట్టు మీద తువ్వాలు పట్టుకుని కూర్చోవడమే తప్ప ఒక్కనాడూ దిగలేదు. ఆయన పాత కుట్టుమిషను మూలపడితే, ఆమె దాన్ని తాళ్లతో పన్నెండు మీటర్ల లోతుకి దింపించింది. నేర్చుకునేవాళ్లు అంతదాకా వెళ్లి, దాని చక్రం ఒకసారి తిప్పి రావాలి. అదే వాళ్లకి పరీక్ష.

"పదకొండు నెలలైంది," అన్నాడు. దేనికో చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

"వచ్చే సోమవారం నుంచి క్వారీ నీళ్లు తోడేస్తారట. ఈలోగా నేనూ ఒక్కసారి ఆ చక్రం తిప్పి రావాలండి. రెండు నెలలు ఈతకొలనులో నేర్చుకున్నాను. అక్కడ డైవింగ్ దుకాణం వాళ్లిచ్చిన సీసపు బరువుల బెల్టు నడుముకి కట్టుకుంటే రాయిలా మునిగాను. క్వారీలో మాత్రం ఆవిడ బెల్టుతోనే దిగాలనుకున్నాను. మూడుసార్లు దిగాను. మూడుసార్లూ గుమ్మడికాయలా తేలాను."

"దిగగానే తేలారా?"

"మొదట గడ్డం దాకా మునిగాను. ఉండగా ఉండగా ఛాతీ దాకా పైకొచ్చాను."

"బెల్టు ఎలా ఉంటుంది?"

"సీసపు గుళ్లు నింపిన గుడ్డసంచులు ఎనిమిది, ఒక్కోటి కిలో. పాతవి చీకిపోయాయని ఈమధ్య అత్తయ్యగారు కొత్తవి కుట్టారు. నాకు సూది ముట్టుకోబుద్ధి కావడం లేదు. కాస్త పెద్దవి కుట్టారు. నడుం చుట్టూ తలగడలు కట్టుకున్నట్టుంటుంది."

"చూపు ఆననిదాన్ని, కొలత తప్పింది," అంది అత్తగారు.

"పైకొచ్చాక బెల్టు ఎవరు విప్పుతారు?"

"అత్తయ్యగారేనండి. తువ్వాలు అందించి, బెల్టు బకెట్లో వేసుకుని ఇంటికి తీసుకెళ్తారు."

"నీళ్లలో ఇంకేమైనా తేడా తోచిందా?"

"నోరంతా ఉప్పగా అనిపించింది. అవి మంచినీళ్లే. ఏడ్చానేమో లెండి."

"ఇంట్లో భోజనం ఎలా ఉంటోంది?"

ఈ ప్రశ్న ఎందుకో కండక్టరుకి అర్థం కాలేదు. కాకపోయినా నోటుబుక్కులో రాసుకున్నాడు.

"రెండు వారాలుగా చప్పిడేనండి. నాకు బీపీ అని అత్తయ్యగారు ఉప్పు మానేశారు."

"బీపీ ఉందా?"

"ఆవిడ చెప్పేదాకా లేదండి."

మధ్యాహ్నం డిటెక్టివ్, కండక్టరు డైవింగ్ సామాను దుకాణానికి వెళ్లారు. యజమాని వాళ్లని చూడగానే మూడు రకాల కళ్లద్దాలు బల్ల మీద పరిచాడు.

"ఈ అద్దం కళ్లనీ ముక్కునీ కలిపి మూసేస్తుందండి, చుక్క నీరు అటూ ఇటూ పోదు. నోరొక్కటే బయట. అందులో గాలిగొట్టం పెట్టుకోవాలి. మీ మొహానికి ఏదైతే అతుక్కుంటుందో..."

"మేం కొనడానికి రాలేదు," అన్నాడు కండక్టరు.

"దర్జీగారూ అలాగే అన్నారు. సూటు మందంగా ఉంటే తేలతారు, పలచటిది తీసుకోండన్నాను. తీసుకున్నారు, అయినా తేలారు."

"బెల్టు చూశారా?" అంది డిటెక్టివ్.

"చూడ్డం ఎందుకండీ, తూచానుగా. సరిగ్గా ఎనిమిది కిలోలు."

"మేడమ్, దొంగ వీడే," అన్నాడు కండక్టరు వీధిలోకి రాగానే. "సామాను అమ్ముకోవడానికి తేలుస్తున్నాడు."

"అమ్మకం పిచ్చి నేరం కాదు కండక్టరుగారూ. శనివారం అందరినీ క్వారీ దగ్గరికి రమ్మనండి. ఒక బకెట్టు తీసుకురండి."

శనివారం పొద్దున గట్టు మీద దుకాణదారుతో సహా ఐదుగురూ చేరారు. డిటెక్టివ్ బెల్టులోంచి ఒక సంచి తీసి బకెట్టు నీళ్లలో వేసి, పావుగంట కూర్చుంది. తరువాత సంచి పైకెత్తింది. అది ఖాళీ దిండు గలీబులా వేలాడింది.

"కండక్టరుగారూ, రుచి చూడండి."

కండక్టరు ఆమె మాట ఏనాడూ కాదనలేదు. దోసెడు నీళ్లు నోట్లో పోసుకుని, గట్టు చివరిదాకా పరుగెత్తి ఉమ్మేశాడు.

"ఉప్పు," అన్నాడు దగ్గుతూ.

"కన్నీళ్లు కావండి," అంది డిటెక్టివ్ దర్జీతో. "మీరు ఏడ్చినా కన్నీళ్లు ఆ అద్దంలోనే ఉంటాయి, నోటిదాకా రావు. కిలో సీసం గుప్పెడే. కిలో ఉప్పుకి ఇంత పెద్ద సంచి కావాలి. తక్కెడకి రెండూ ఒకటే, నీళ్లకి కాదు. ఉప్పు కరిగేకొద్దీ మీరు పైకొచ్చారు. బెల్టు ఇంటికి వెళ్లాక సంచులు మళ్లీ ఉప్పుతో నిండేవి. చంపాలనుకున్నవాళ్లు గాలిగొట్టం జోలికి పోతారు. ఇక్కడ దాన్నెవరూ ముట్టుకోలేదు. మీరు దిగకూడదు, ఒకవేళ దిగినా ఉప్పు కరిగి మిమ్మల్ని పైకి తెచ్చేయాలి. మీ కూరల్లో లేని ఉప్పు ఎక్కడికి పోయిందో ఇక నేను చెప్పక్కర్లేదు."

"అలా ఒక్కసారి పైకి తన్నుకొచ్చినా ప్రమాదమేనండి," అన్నాడు దుకాణదారు.

"నాకు తెలియదు నాయనా," అంది అత్తగారు మెల్లగా. "సీసం లేకపోతే ఎంతటివాడూ మునగడని మా అమ్మాయి చెప్పేది. అదొక్కటే గుర్తుంది." తోలుసంచి తెరిచి అల్లుడి ముందు పెట్టింది. అందులో ఎనిమిది పాత గుడ్డసంచులు, ఒక్కోటీ గుప్పెడంత, నిండుగా ఉన్నాయి. "ముగ్గురం ఉండేవాళ్లం అల్లుడుగారూ, ఇద్దరమయ్యాం. ఇంకో తీసివేత నా వల్ల కాదు."



"వద్దని ఒక్కమాట అంటే ఆగేవాణ్ణి కదా అత్తయ్యగారూ."

"ఆగుతారనే అనలేదు. మిమ్మల్ని ఆపడానికీ మనసొప్పలేదు."

దర్జీ పాత సంచులు ఒక్కొక్కటే చేత్తో నొక్కి చూశాడు. ఒకదాని మూల నిజంగానే చీకిపోయింది. ఆయన సూది అడిగాడు. కండక్టరు తన టోపీ అంచులో గుచ్చుకున్న సూదీ దారమూ ఇచ్చాడు. దర్జీ అక్కడే రాయి మీద కూర్చుని ఆ మూల కుట్టాడు.

దుకాణదారు జతగా దిగాడు. దర్జీ నడుముకి కట్టిన తాడు కొస అత్తగారి చేతికిచ్చారు. ఒకసారి లాగితే, బాగున్నావా అని. తిరిగి ఒకసారి లాగితే, బాగున్నానని. దర్జీ ఈసారి రాయిలా మునిగాడు. పన్నెండు మీటర్లలో ఆవిడ పందొమ్మిదిసార్లు లాగింది, పందొమ్మిదిసార్లూ జవాబు వచ్చింది. కండక్టరు అలవాటుగా లెక్కపెట్టాడు.

దర్జీ పైకి వచ్చాక ఆవిడ తువ్వాలు అందించింది.

"తిరిగిందా?"

"తిరిగిందండి. కిర్రుమంది."

"నీళ్లలో చప్పుడు వినపడుతుందా?" అన్నాడు కండక్టరు.

"నాకు వినపడింది."

మధ్యాహ్నం దర్జీ ఇంట్లోనే అందరికీ భోజనం. కండక్టరు మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే కళ్లు పెద్దవి చేసి నీళ్లగ్లాసు కోసం చెయ్యి చాపాడు. డిటెక్టివ్ అతనికేసి ఒక్క చూపు చూసింది. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఉప్పు సరిపోయిందా అల్లుడుగారూ?"

"సరిపోయింది అత్తయ్యగారూ," అన్నాడు దర్జీ. ఇంకొంచెం కూర వడ్డించమని కంచం ముందుకు జరిపాడు.