ఆపేసిన ఇంజన్‌లో ఊపిరి

పొద్దు వాలుతుండగా కొండ రోడ్డెక్కాం. పాత డీజిల్ కారు. లోపలంతా డీజిలూ, ఎప్పుడో తడిసిన సీటు గుడ్డా కలిసిన వాసన. నాకైతే అదీ బాగానే ఉంది. ఇంట్లో చెప్పకుండా వచ్చేశాను మరి. తెల్లారితే మా పెళ్లి.

అతను మెకానిక్. ఎత్తెక్కేటప్పుడు బండి లాగడం లేదట. ఇంజన్‌లోకి టర్బో గాలి సరిగ్గా ఊదుతోందో లేదో చూసుకుని వెళ్దామన్నాడు. ఇంజన్ నుంచి సన్నటి రబ్బరు గొట్టం కిటికీ సందులోంచి లాగి, దాని చివరనున్న మీటరు నా ఒళ్లో పెట్టాడు. తను తొక్కిపట్టి నడుపుతుంటే సూది ఎంతదాకా లేచిందో నేను చూసి చెప్పాలి. ఇద్దరుంటే తప్ప కాని పని. కాపురమంటే ఇలాగే ఉంటుంది కాబోలని మురిసిపోయాను. కళ్లు సూది మీద పెట్టమంటే నా మీద పెడతావేంటని వెక్కిరించాడు కూడా.

తొక్కాడు. టర్బో సన్నగా ఈల వేసింది. సూది ఒకటి దాకా లేచింది. చెప్పాను. మలుపులో కారు నిలిపి ఇంజన్ కట్టేశాడు.

సూది సున్నాకి పడాలి. పడింది... మళ్లీ లేచింది. పడింది. లేచింది. నిద్రపోయే మనిషి ఛాతీలాగా.

"ఇంజన్ ఆపేశావుగా..." అన్నాను మెల్లగా.

అతను మీటరు వైపు చూడనేలేదు. గొట్టం బిగించి వస్తానని దిగి, బయటి నుంచి తాళం వేశాడు. నా పక్క తలుపుకి లోపల పిడి లేదు. అది అప్పుడే చూశాను.

బానెట్ ఎత్తి లోపలికి వంగాడు. ఎవరినో బతిమాలుతున్నాడు. అంత ముద్దుగా నాతో కూడా ఎప్పుడూ మాట్లాడలేదు.

"తీసుకొచ్చాను. ఇక నన్నొదిలెయ్."

నన్ను గడప దాటించింది... ఇందుకా?

మీటరు నుంచి గొట్టం దానంతటదే ఊడింది. చెవికి వెచ్చటి గాలి తగిలింది. గొట్టంలోంచి ఆడగొంతు.

"నీకూ... పెళ్లనే చెప్పాడా?"

తలూపాను.

టక్. నా పక్క తలుపు తెరుచుకుంది.

పల్లానికి పరుగెత్తాను. వెనక బానెట్ దభీమని పడింది. "బంగారం..." అని ఒక్కసారి పిలిచాడు. ఆ పిలుపుకే కదా ఇల్లొదిలి వచ్చాను. తిరిగి చూడలేదు. మళ్లీ పిలవలేదు.

కాసేపటికి కారు నన్ను దాటి కిందికి దిగిపోయింది. ఇంజన్ చప్పుడు లేదు. స్టీరింగు దగ్గర ఎవరూ లేరు. నేను కూర్చున్న సీట్లో అతను... కళ్లు తెరిచే ఉన్నాయి. రబ్బరు గొట్టం పళ్ల మధ్య ఉంది.

వెనక సీట్లో ఇద్దరాడవాళ్లు. ఒకామెను ఎరగను. రెండో ఆమె నా చున్నీ కప్పుకుని, అద్దానికి అచ్చం నా ముఖమే ఆనించి, నన్నే చూస్తూ పోయింది.

మెడ తడుముకున్నాను.

నా చున్నీ నా మెడలోనే ఉంది.