అవ్వ చెవిన పడ్డ ఫ్రేమ్‌వర్క్

"జాంగో అంటాండావు, జాంగో! రేపు చెడిపోతే దాన్ని ఇక్కడ చూసుకునేదెవరప్పా, మీ తాతనా?"

చిక్కబళ్లాపురం ఆఫీసులో చేరిన మొదటి రోజే శ్రీరంజని అన్న మాట ఇది. ఎదురుగా కూర్చున్న అంబరీష్ కోపం తెచ్చుకుందామని చూశాడు. రాలేదు. ఆ మాటంటూ ఆమె కనుబొమలు ఎగరేసిన తీరుకి, పాపం, అతని దగ్గరున్న వాదనలన్నీ మూట కట్టుకుని వెళ్లిపోయాయి.

గొడవంతా టమాటాల గురించి. చింతామణి మార్కెట్లో పొద్దున్నే వేలం మొదలు కాగానే చుట్టుపక్కల రైతులంతా ఫోన్లు తీసి ఈ ఆఫీసు నడిపే సైటులో ధర చూస్తారు. ఒకేసారి అంతమంది వచ్చి పడితే సైటు చతికిలబడుతుంది. రైతు తిట్టుకుంటూ దళారి చెప్పిన ధరకే ఇచ్చి ఇంటికి పోతాడు. అంబరీష్‌ది చింతామణే కాబట్టి ఆ తిట్లు అతనికి నేరుగా అందేవి.

సైటుని మళ్లీ కట్టాలంటే ఓపెన్‌సోర్స్ ఫ్రేమ్‌వర్క్, అంటే ఉచితంగా దొరికే తయారు చట్రం, ఒకటి ఎంచుకోవాలి. అతను జాంగో అన్నాడు. బాగేపల్లి పిల్ల శ్రీరంజని లారావెల్ అంది. మధ్యలో ఓనరు పురుషోత్తమ్ తల పట్టుకున్నాడు.

"ఇద్దరూ చేసి చూపించండి. గెలిచినోళ్లు ఇక్కడే ఉండి సైటు నడపాల. రెండోవాళ్లకి బెంగళూరులో వేరే ప్రాజెక్టు ఉండాది. ఆయ్తా?"

ఆయ్తు, సరే అన్నారిద్దరూ. అన్నాక గానీ అంబరీష్‌కి లెక్క తెలియలేదు. గెలిస్తే ఆమె పోతుంది. ఓడితే తను పోవాలి. ఎటు చూసినా ఎదురు కుర్చీ ఖాళీయే.

ఆ నెలంతా పోట్లాటలే. వానకి కరెంటు పోతే పోట్లాట, టీ చల్లారితే పోట్లాట, ఇళ్లకి పోయాక ఫోన్లో మళ్లీ పోట్లాట. ఒకరోజు టెస్టులో తన పేజీ ఆగిపోయి అతను దిగాలుగా కూర్చుంటే, ఆమె కుర్చీ లాక్కుని పక్కకొచ్చింది.

"పెండ్లిలో వచ్చినోళ్లకి వచ్చినట్టు ఒక్కొక్కరికీ విడిగా అన్నం వండుతారా?"

"వండరు."

"మరి ప్రతి రైతు అడిగినప్పుడూ డేటాబేస్ దగ్గరికి యాల పరిగెత్తిస్తాండావు? ధర మారినప్పుడు పేజీని ఒకసారి తయారుచేసి పెట్టుకో. అందరికీ అదే వడ్డించు."

అలాగే చేశాడు. పేజీ నిలబడింది. ఓడించాల్సినవాడికి గెలిచే ఒడుపు చెప్పిన ఆ పిల్లని చూసి అతని మనసు కరిగిపోయింది. ప్రేమించడానికి ఇంతకంటే ఏం కావాలి? చెప్పడానికే నోరు రాలేదు.

చివరి టెస్టులో రెండూ సమానంగా పరిగెత్తాయి. శనివారం పురుషోత్తమ్ "ఇప్పుడేం చేద్దాం?" అంటే అంబరీష్ లేచి నిలబడ్డాడు.

"లారావెల్ తీసుకోండి సార్. అది నడిచే పీహెచ్‌పీ భాష మన ఆఫీసులో అందరికీ వచ్చు. చెడిపోతే ఎవరో ఒకరు చూసుకుంటారు. ఆమె మొదటి రోజు అడిగింది అదే."

బ్యాగు సర్దుకుని, ఆమె వైపు చూడకుండా చింతామణి బస్సెక్కేశాడు.

ఆదివారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. అవతల శెనక్కాయలు ఒలుస్తున్న చప్పుడు.

"జాలిపడి ఓడినావా?" శ్రీరంజని గొంతు.

"లేదు. నిజం చెప్పినా."

"మరి ఒక మాటైనా చెప్పకుండా పోయింది యాలకి? నీ ఫ్రేమ్‌వర్క్, నీ ఫ్రేమ్‌వర్క్ అని ఇన్నాళ్లు నా ప్రాణం తీసి, అంత సులువుగా వదిలేస్తివే!"

ఆమె చేతుల నిండా కాయలు కాబట్టి ఫోన్ స్పీకర్లో ఉంది. పక్కనే వాళ్లవ్వ మునివెంకటమ్మ ఉంది. ఈ రెండూ అంబరీష్‌కి తెలియవు. ఒలిచే చప్పుడు ఆగింది.

"నాయనా, నేను రంజని అవ్వని. రోజూ ఇంటానే ఉండా. ప్రేమ వర్కు, ప్రేమ వర్కు అని ఒకటే కొట్లాడుకుంటాండారు. మా పిల్లకి నోరు పెద్దదే కానీ మనసు మంచిది. నువ్వు ప్రేమ వదిలేసి బెంగళూరికి పోతాండావని నిన్నట్నుంచి ఇది సరిగా అన్నం కూడా తినలేదు. నిజంగా వదిలేస్తివా?"

"అయ్యో అవ్వా! అది ప్రేమ కాదు, ఫ్రేమ్..." శ్రీరంజని అడ్డుపడింది.

అంబరీష్ కూడా ఒక్క మాటతో సరిదిద్దొచ్చు. కానీ నెలంతా నోట్లో నానుతున్న మాటని అవ్వ విస్తట్లో వడ్డించి పెట్టింది. కాదనడానికి అతనికి మనసొప్పలేదు.

"వదల్లేదవ్వా" అన్నాడు.

శ్రీరంజని గొంతు చిన్నగా వినబడింది. "ఏది వదల్లేదు? ఫ్రేమ్‌వర్క్ ఓడిపోయింది కదా?"

"వర్క్ ఓడిపోయింది. అవ్వకి వినపడింది అట్లే ఉండాది."

ఈసారి ఆమె నవ్విందో ఏడ్చిందో అతనికి తెలియలేదు. రెండూ చేసిందని తర్వాత అవ్వ చెప్పింది.

"హైదరాబాద్ బస్సులన్నీ బెంగళూరు నుంచి మా బాగేపల్లి మీదనే పోతాయి" అంది శ్రీరంజని చివరికి. "యాడ దిగాలో తెలుసు కదా?"

"ఇంతమాత్రానికి ఇన్నాళ్లు కొట్లాడల్లా!" అవ్వ విసుక్కుంది. "వచ్చే ఆదివారం మీ అమ్మానాయన్ని పిల్చుకోని రా నాయనా."

"చింతామణిలో మా చుట్టాలు శానామంది అవ్వా. తెలిస్తే అందరూ ఒకేసారి వచ్చి పడతారు."

"రానీ" అంది శ్రీరంజని. "ఒకేసారి వండి పెడతాం."