గ్రాఫిక్స్ కార్డుకి కాస్త విశ్రాంతి

“మీ బ్యాటరీ ఉత్తదండీ! ఎనిమిది గంటలు వస్తుందన్నారు. ఐదో గంటకే చేతులెత్తేసింది.”

ఏలూరులో జాయ్సీ వీడియో స్టూడియో గడప దాటకముందే నాకు పడిన అక్షింతలివి. బయట వాన. నా చొక్కా తడిసి ముద్దయింది. జాయ్సీ కళ్ళలో మాత్రం ఎండ కాస్తోంది.

నా పేరు నెల్సన్. బ్యాటరీలు అమ్ముతాను. మాటలు తక్కువ.

“కంప్యూటర్ మీద ఏం పని చేశారండీ?”

“ఏమీ లేదు. ఊరికే ఆన్‌లో వదిలేశాను. అదేగా విడ్డూరం!”

ఆదివారం కొల్లేటి గట్టున పడవ పందేలు. లైవ్ ఇచ్చే పని జాయ్సీది. అక్కడ కరెంటు లేదు. పక్షులు బెదురుతాయని ఊరివాళ్ళు జనరేటర్ వద్దన్నారు. పడవలు ఎప్పుడు వరుస కడతాయో ఎవరూ చెప్పలేరు కనుక కంప్యూటర్ రోజంతా సిద్ధంగా ఉండాలి. మధ్యలో ఆగిందా, స్టూడియో మూసేసి టీచర్ ట్రైనింగ్‌లో చేరాలని వాళ్ళ నాన్న దేవరాజు గారి షరతు.

వాట్లు చూపే మీటరు తగిలించాను. ఏ పనీ లేకుండానే నూట డెబ్బై! సెట్టింగ్స్ తెరిస్తే గ్రాఫిక్స్ కార్డు పవర్ ఎప్పుడూ ఫుల్లులో ఉండేలా పెట్టి ఉంది.

“ఇలా ఎవరు పెట్టారండీ?”

“నేనే. ఏ మిషనైనా ఫుల్లులో ఉంచాలని నాన్నగారు చెప్పారు. నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్ మందగిస్తే చెరువులో చేప తేలిపోదూ?”

నవ్వు ఆపుకోబోయాను. జాయ్సీ పట్టేసింది.

“నవ్వండి, నవ్వండి. చేపల చెరువు వాళ్ళ పిల్లనేగా!”

“ఈ కార్డు ఏరియేటర్ కాదండీ, కొంగ. ఒంటికాలి మీద కదలకుండా నిలబడుతుంది. చేప కనబడ్డప్పుడే మెడ విసురుతుంది.”

సెట్టింగ్ నార్మల్‌కి మార్చాను. మీటరు దిగి దిగి ఎనభై ఐదు దగ్గర ఆగింది.

జాయ్సీ మీటరు వైపు చూసింది. తర్వాత నా వైపు. “మీరూ ఆ సెట్టింగ్‌లోనే ఉంటారాండీ? గంటకి నాలుగు మాటలు!”

“అవసరమైతే విసురుతానండీ.”

పకపకా నవ్వింది. వాన ఎప్పుడో ఆగిపోయింది. నేను మాత్రం కదల్లేదు.

ఆదివారం ఐదు పందేలు సాఫీగా నడిచాయి. ఆఖరి పందేనికి రెండు పడవల వాళ్ళు వరుస కోసం గంటన్నర పేచీ పెట్టుకున్నారు. దేవరాజు గారు బ్యాటరీ పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డారు.

“ఆగిపోద్దేమో, ఫుల్లులో పెట్టమ్మా!”

“వద్దు నాన్నగారూ. దాన్నలా ఉండనీయండి.”

ఐదో గంట దాటింది. ఏడో గంటా దాటింది. ఈల మోగింది. కార్డు ఫ్యాను ఒక్కసారిగా గుర్రుమంది. పడవలు దూసుకుపోయాయి. తెర మీద బొమ్మ ఒక్క క్షణం కూడా తడబడలేదు. గెలిచిన పడవ గట్టుకు తగిలేసరికి బ్యాటరీ ఇన్వర్టర్ మీద ఛార్జి చూపే లైట్లలో ఇంకా ఒకటి మిగిలే ఉంది.

జనం కేకల్లో జాయ్సీ నా చెయ్యి పట్టుకుని పైకెత్తింది. దించడం మరిచిపోయింది.

దేవరాజు గారు ఆ చేతుల్ని చూశారు. “పందెం అయిపోయిందమ్మా.”

ఇక విసరాల్సిన సమయం.

“స్టూడియో మూయించకండీ. జాయ్సీ గారంటే నాకు చాలా ఇష్టమండీ. ఆ రోజు వాన ఆగినా నేను కూర్చున్నది మీటరు కోసం కాదండీ. బుధవారం మా అమ్మని తీసుకుని మీ ఇంటికొస్తానండీ.”

జాయ్సీ నోరు తెరిచింది. “ఇన్ని మాటలు ఎక్కడ దాచారండీ!”

దేవరాజు గారు మీసం తడుముకున్నారు. “బుధవారం మా చెరువులో చేపల పట్టుబడి. మంగళవారమే రండి. అన్నట్టు, నా ఏరియేటర్లకి కూడా ఆ సెట్టింగేదో ఉందేమో చూడండి, అల్లుడుగారూ.”

జాయ్సీ నా చెయ్యి ఇంకా వదల్లేదు.