సగంలో తీసిన చెయ్యి

"కొళాయి దగ్గర ఉన్నప్పుడు నాతో మాట్లాడకండి."

ఉద్యోగంలో చేరిన రోజు సాయంత్రం ఆ అమ్మాయి నోట అతను విన్న మొదటి మాట అది. అతను అడిగింది కూడా ఏమంత పెద్ద విషయం కాదు. సబ్బు ఎక్కడుంటుందండీ అన్నాడు, అంతే.

ఆమె మోచేతుల దాకా నీళ్ళు పోసుకుంటూ, తలైనా తిప్పకుండా ఆ మాట అనేసి, కొళాయి కట్టి, చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది. సబ్బు అక్కడే, ఆమె మోచేతి పక్కనే ఉంది.

"ఏమీ అనుకోకండి సార్," అంది రిసెప్షన్‌లో కూర్చునే పిల్ల, నవ్వాపుకుంటూ. "చన్నీళ్ళక్క అంతే. ఎంత చలిలోనైనా సాయంత్రం చన్నీళ్ళతోనే కడుక్కుంటుంది. అప్పట్నించి వీధి మలుపు చేరేదాకా నోరు విప్పదు."

"ఆవిడ పేరే చన్నీళ్ళా?"

"మేం పెట్టుకున్నాం. మీకూ ఒకటి పెడతాంలెండి."

పెట్టారు. కొత్తబ్బాయి. అతని తర్వాత ఇంకా కొత్తవాళ్ళు చేరారు, పాతబడ్డారు, కానీ ఆ పేరు మాత్రం అతన్నే పట్టుకుని వేలాడింది.

కళ్ళజోళ్ళ షాపు పైన మూడు గదులు, వాటి వెనక సన్నటి వరండా, వరండా చివర కొళాయి. అదే ఆ మసాజ్ సెంటర్. నడుము పట్టేసిన డ్రైవర్లు వచ్చేవారు, మెడ బిగుసుకుపోయిన టైలర్లు వచ్చేవారు. ఎక్కడా ఏ నొప్పీ లేకపోయినా, ఎవరో ఒకరు కాసేపు చెయ్యి వేస్తే చాలని వచ్చే ఒంటరివాళ్ళూ ఉండేవారు. బోర్లా పడుకున్న మనిషికి ఎదుట ఎవరి మొహమూ కనపడదు. అందుకని గుండెలో ఉన్నదంతా చెప్పేస్తాడు. చెప్పినవాడు తేలికపడి లేచి వెళ్ళిపోతాడు. ఆ బరువు ఎక్కడికి పోతుంది? విన్నవాళ్ళ చేతుల్లోనే ఉండిపోతుంది.

పని నేర్పమని, సెంటర్ నడిపే మేడమ్ కొత్తబ్బాయిని చన్నీళ్ళమ్మాయికే అప్పగించింది. అతని చేతుల్లో బలం ఉంది, ఓపిక ఉంది. ఒక్కటే లోపం. పని అవగానే చెయ్యి ఠక్కున తీసేసేవాడు.

"అలా తియ్యకూడదు," అందామె. "సగంలో చెయ్యి తీసేస్తే మనిషి ఉలిక్కిపడతాడు. ఇంకా ఏదో ఉందని ఒళ్ళు ఎదురుచూస్తూనే ఉంటుంది. చివర్లో రెండు అరచేతులూ ఆనించి, కదలకుండా ఉంచండి. తర్వాత ముందు మణికట్టు లేపాలి, ఆ తర్వాత అరచెయ్యి, అన్నిటికన్నా చివర వేళ్ళ కొసలు. ఇక అయిపోయింది, వెళ్ళి రండి అని చెయ్యే చెప్పాలి. నోటితో చెప్పక్కర్లేకుండా."

"వీడ్కోలన్నమాట."

"అవును. సరిగ్గా చెప్పని వీడ్కోలు ఇంటిదాకా వెంటపడి వస్తుంది."

ఆ మాట అన్నప్పుడు ఆమె మొహంలోకి ఏదో వచ్చి వెళ్ళింది. అతను చూశాడు గానీ ఆ రోజు అడగలేదు. కొన్నాళ్ళకి, మధ్యాహ్నం టిఫిన్ డబ్బాల దగ్గర, ధైర్యం చేసి అడిగాడు.

"మీకు చలి వెయ్యదా అండీ, ఆ నీళ్ళు?"

"వేస్తుంది."

"మరి?"

"వేడి టవళ్ళు, వేడి నూనె, రోజంతా వేడితోనే కదా మన పని. అయిపోయిందని ఒంటికి తెలియాలంటే వేరేది ఏదో తగలాలి." డబ్బా మూత తిప్పి పక్కన పెట్టింది. "నన్ను పెంచింది మా పిన్ని. ఆవిడా ఇదే పని చేసింది. చేతుల నూనె వాసన పోకుండానే వంటింట్లోకి వచ్చేది. లోకంలో నొప్పులన్నీ మా ఇంట్లోనే కాపురం ఉండేవి. బాబాయికే చోటు లేదు. ఆయన ఏదో చెప్తుంటే పిన్నికి కళ్ళు మూతలు పడేవి. ఒకరోజు ఆయన పెట్టె సర్దుకుని, వెళ్తున్నా అన్నాడు. పిన్ని పడుకునే ఊఁ అంది. ఏ కొట్టుకో వెళ్తున్నాడనుకుంది. లేచి గుమ్మం దాకా కూడా వెళ్ళలేదు."

"మళ్ళీ రాలేదా?"

"రాలేదు. ఇప్పటికీ ఇంట్లోంచి ఎవరు బయల్దేరినా పిన్ని గుమ్మం దాకా రాదు. నేను డ్యూటీకి వచ్చేటప్పుడూ వంటింట్లోంచే ఊఁ అంటుంది. అటు చూస్తే కాళ్ళు ఆడవంటుంది."

అందుకే ఆ పద్ధతంతా పెట్టుకుంది చన్నీళ్ళమ్మాయి. ఆఖరి మనిషి వెళ్ళగానే కిటికీ తెరిచేది. యూనిఫామ్ తీసి, తిరగేసి కొక్కేనికి తగిలించేది. చన్నీళ్ళు. వేరే చెప్పులు. ఆపైన మలుపు దాకా మాట లేదు. మలుపు తిరిగాక వెనక్కి చూడడమూ లేదు. ఇంటికెళ్తే పిన్ని పని సంగతే ఎత్తదు. "బయట ఎలా ఉంది?" అని మాత్రం అడుగుతుంది. ఎండగా ఉందనో, గాలిగా ఉందనో చెబితే చాలు.

ఆ రోజు నుంచి కొత్తబ్బాయి కొళాయి దగ్గర మాట్లాడలేదు. టవల్ పట్టుకుని పక్కన నిలబడేవాడు. తర్వాత తనూ చన్నీళ్ళతోనే కడుక్కోవడం మొదలుపెట్టాడు, పళ్ళు టకటకలాడుతున్నా సరే. వానలు పడ్డాక గొడుగు పట్టుకుని మలుపు దాకా వచ్చేవాడు. ఆమె మాట్లాడదు కనుక ఇద్దరి మాటలూ తనే మాట్లాడేవాడు.

"ఇవాళ నా పని ఎలా ఉందండీ? 'ఫరవాలేదు, పిండి పిసికినట్టుంది.' థాంక్సండీ. మరి నా గొడుగు? 'చిల్లుంది.' అది మీ వైపు లేదు కదండీ. నా వైపే ఉంది."

ఆమె పెదవులు బిగబట్టుకునేది. కళ్ళు మాత్రం ఆమె మాట వినేవి కావు.

మలుపు దగ్గర ఆగి, "ఇక చాలు, రేపు కలుద్దాం," అనేది.

"ఆ నాలుగు ఇళ్ళూ దాటించి వెళ్తానండీ. తడుస్తారు."

"వద్దు. పని మలుపు దగ్గరే ఆగిపోవాలి."

"అంటే నేను పనిమనిషినా?"

నవ్వు ఆపుకోవడానికి ఆమె గబగబా నడిచి వెళ్ళిపోయేది. ఇంటికి చేరాక మాత్రం గుబులు పట్టుకునేది. నవ్వు కూడా మలుపు దాటి లోపలికి వచ్చేసింది మరి. దానికి ఏ కొళాయి ఉంది?

ఒక సాయంత్రం అతను గొడుగు కింద తమాషా మాటలేవీ మాట్లాడలేదు. మలుపుకి కాస్త ముందే ఆగిపోయాడు.

"వేరే ఊళ్ళో ఆస్పత్రి వాళ్ళు రమ్మంటున్నారండీ. మంచి ఆఫర్. రేపు చెప్పాలి." వాన గొడుగు మీద టపటపలాడింది. "మీరు ఉండమంటే ఉంటాను. ఎందుకు ఉండాలో మీకు తెలుసు, నాకూ తెలుసు. మీరు మాట్లాడే వేళ కాదని కూడా తెలుసు. మాట వద్దు. మీ చెయ్యి చెప్పినా నాకు అర్థమవుతుంది."

ఆమె గొడుగు పట్టుకున్న అతని చేతి మీద తన చెయ్యి వేసింది. కదలకుండా ఉంచింది. ఉండు, ఉండు, ఉండు అని లోపల్లోపలే అనుకుంది. తర్వాత మెల్లగా చెయ్యి తీసుకుని, మలుపు తిరిగి ఇంటికి వెళ్ళిపోయింది.

అలవాటు ప్రకారం వెనక్కి చూడలేదు. చూసి ఉంటే, గొడుగు పక్కకి వాలిపోయి వానలో తడుస్తున్న మనిషి కనిపించి ఉండేవాడు.

ఆ పూట ఆమె వంటింట్లో కూనిరాగం తీసింది. "బయట అంత బాగుందా ఏమిటి?" అంది పిన్ని. "కుండపోతగా వాన పిన్నీ," అంది ఆమె. పిన్ని ఇంకేమీ అడగలేదు.

మర్నాడు రిసెప్షన్ పిల్ల మొహం వేలాడేసుకుని చెప్పింది. "విన్నావా అక్కా? కొత్తబ్బాయి మానేస్తున్నాడట. మేడమ్‌కి చెప్పేశాడు. ఈ శనివారం ఆఖరట."

చన్నీళ్ళమ్మాయికి నమ్మబుద్ధి కాలేదు. మనసంతా అరచేతిలో పెట్టి ఇస్తే ఇదా? ఊరికే అడిగి చూశాడా? అడుగుదామనుకుంది. కానీ వెళ్తానని తేల్చుకున్న మనిషిని చెయ్యి పట్టి ఆపితే ఒళ్ళు మాత్రమే ఆగుతుంది, మనసు ఆగదు. అది ఆ ఇంట్లో పెరిగినవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు.

అతను మర్యాదగానే ఉన్నాడు. అతి మర్యాదగా ఉన్నాడు. అదే ఎక్కువ బాధ. సాయంత్రాలు ఆమె కంటే ముందే కడుక్కుని వెళ్ళిపోయేవాడు. మలుపు దాకా ఒక్కతే నడిచేది. ఆ మౌనంతో ఇన్నేళ్ళూ స్నేహంగానే ఉంది. ఇప్పుడది చెప్పులో రాయిలా గుచ్చుకుంది.

శనివారం ఆమె దగ్గరికి వచ్చిన ఆఖరి మనిషి టీచరమ్మ. రిటైరైనా నల్లబల్ల మీద రాసి రాసి అరిగిపోయిన భుజం మాత్రం రిటైర్ కాలేదనేది ఆవిడ. పని పూర్తయింది. ఆమె రెండు అరచేతులూ ఆనించి, నిలిపి, మెల్లగా లేపింది.

బోర్లా పడుకున్న టీచరమ్మ నిట్టూర్చింది. "అప్పుడే అయిపోయిందా తల్లీ?"

"నేనేమీ అనలేదు కదండీ. ఎలా తెలిసింది?"

"నువ్వెందుకు అనాలి? నీ చెయ్యి చెప్పిందిగా, ఇక వెళ్ళి రమ్మని. అంత చక్కగా చెప్తే ఇంకాసేపు ఉంటానని ఎవరడుగుతారు?"

ఆమె తన చేతుల వంక చూసుకుంది. మణికట్టు, అరచెయ్యి, వేళ్ళ కొసలు. గొడుగు, వాన, అతని చెయ్యి. ఆ రోజూ ఇదే వరస. పొద్దుటినుంచీ అందరికీ వీడ్కోలు చెప్పి చెప్పి అలసిన చెయ్యి, అతనికీ అదే చెప్పేసింది. ఆ భాష అతనికి నేర్పింది తనే.

"టీచరమ్మగారూ, నెమ్మదిగా లేవండి. నేనిప్పుడే వస్తాను," అని, నూనె చేతులతోనే వరండాలోకి పరిగెత్తింది.

కొత్తబ్బాయి కొళాయి దగ్గర చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాడు. సంచీ గోడకి ఆనించి ఉంది. నీళ్ళు ధార కట్టి పడుతున్నాయి. ఆమె చెయ్యి చాచి కొళాయి కట్టేసింది.

"కడుక్కోకండి."

"కొళాయి దగ్గర మాట్లాడకూడదు కదండీ," అన్నాడతను. ఎగతాళిగా అనలేదు.

"ఆ రూల్ నాది. తీసేస్తున్నాను. ఆ రోజు నా చెయ్యి మీకేం చెప్పింది?"

అతను తడి చేతుల వంక చూసుకున్నాడు. "వెళ్ళి రా అని. మీరు నేర్పిన వరసలోనే. అంత మర్యాదగా ఎవరూ నన్ను పొమ్మనలేదు. కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకుండా చేశారు."

"నేను ఉండమన్నాను."

నీళ్ళు ఆగిపోయినా కొళాయి చివర ఒక చుక్క ఊగుతూ ఉంది. ఇద్దరూ దాన్నే చూశారు.

"దానికి మనిషి తేడా తెలియలేదు," అంది తన చెయ్యి చూపించి. "రోజంతా సాగనంపడమే దాని పని. ఇంకోటి రాదు."

"ఒకటి అడగనా?" అన్నాడు. "రోజూ ఇక్కడ అంత కడుగుతారు కదా. ఆ నీళ్ళలో నేనూ కొట్టుకుపోతున్నానా అని భయంగా ఉండేది."

"మొదట్లో పోయేవారు." ఆమె తలెత్తింది. "ఈ మధ్య ఎంత కడిగినా పోవడం లేదు."

అతని మొహంలో నవ్వు రాబోయి, ఆగి, మళ్ళీ వచ్చింది. "అయితే చెయ్యి వద్దు. ఈసారి మాటతో చెప్పండి."

"ఉండండి," అంది. అది చాలదనిపించింది. "ఉండు."

"అక్కడివాళ్ళకి ఫోన్ చేసి క్షమించమని అడగాలి. మేడమ్ కాళ్ళావేళ్ళా పడాలి. నా చోట్లోకి అప్పుడే ఇంకో కొత్తబ్బాయి వచ్చేశాడు. పేరు కూడా పోయింది."

"పేరెక్కడికీ పోదు సార్," అంది రిసెప్షన్ పిల్ల తలుపు చాటునుంచి. "అతనికి ఇంకోటి పెడతాం. టీచరమ్మగారు కూడా అదే అంటున్నారు."

చన్నీళ్ళమ్మాయి కొళాయి తిప్పింది. "ఇప్పుడు కడుక్కుందాం. ఆవిడ భుజం నొప్పి ఇంటికి మోసుకెళ్ళలేను."

ఇద్దరూ మోచేతుల దాకా కడుక్కున్నారు. యూనిఫామ్‌లు తిరగేసి కొక్కేలకి తగిలించారు. మలుపు దాకా ఎవరూ మాట్లాడలేదు. అక్కడ అతను అలవాటుగా ఆగిపోయాడు.

"రా," అంది ఆమె.

"బయట ఎలా ఉంది?" అంది పిన్ని వంటింట్లోంచి, చప్పుడు విని.

"మబ్బుగా ఉంది పిన్నీ. ఒకరిని తీసుకొచ్చాను."

పిన్ని చీర కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చి, అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "ఇతనేనా గొడుగు?"

"నీకెలా తెలుసు?"

"మన గొడుగేమో ఆ మూల దుమ్ము పట్టి ఉంటుంది. జోరువానలో నువ్వేమో నాలుగు చుక్కలు పడినట్టే తడిసి వస్తావు. చెప్తావేమోనని చూశాను." అతని వైపు తిరిగింది. "కూర్చో బాబూ. ఒక్క మాట అడుగుతాను. అలసిపోయి ఇంటికొస్తావా?"

"వస్తానండీ. మా పనే అంత కదా."

"అలసిపోయానని నోరు తెరిచి చెప్తావా?"

అతను చన్నీళ్ళమ్మాయి వైపు చూశాడు. "చెప్తానండీ. ఆవిడ చెప్పకపోతే నేనే అడుగుతాను."

పిన్ని చీర కొంగు నడుముకి దోపుకుంది. "నేను చెప్పలేదు," అంది. "ఆయనా అడగలేదు. అంతే జరిగింది మా ఇద్దరి మధ్య. ఇంకేమీ లేదు." తర్వాత అతనికి మంచినీళ్ళిచ్చింది. "మీ పెద్దవాళ్ళని ఓసారి రమ్మను. మాట్లాడదాం."

అతను వెళ్ళే వేళకి సన్నగా చినుకులు మొదలయ్యాయి. మెట్ల దగ్గర చన్నీళ్ళమ్మాయి అతని చేతి మీద చెయ్యి వేసింది. కదలకుండా ఉంచింది. అతను ఊపిరి బిగపట్టి ఆమె మణికట్టు వంకే చూస్తున్నాడు, అది లేస్తుందేమోనని.

ఆమె ఠక్కున చెయ్యి లాగేసుకుంది.

అతను ఉలిక్కిపడ్డాడు. "ఇదేమిటి? ఇలా తియ్యకూడదని నేర్పావుగా."

"సగంలోనే ఉంది. మిగతాది రేపు."

అతను నవ్వుకుంటూ చిల్లు గొడుగు విప్పుకుని వానలోకి దిగాడు. ఆమె వెనక్కి తిరిగింది. గుమ్మంలో, తలుపు చెక్క గట్టిగా పట్టుకుని, పిన్ని నిలబడి ఉంది.

"వెళ్ళి రా బాబూ," అంది పిన్ని. ఆ మాట అతనికి వినపడిందో లేదో గానీ, గొడుగు ఒకసారి ఇటు తిరిగింది.

ఇద్దరూ చూస్తూనే ఉన్నారు.

"మలుపు తిరిగాడు పిన్నీ."

"ఊఁ," అంది పిన్ని. కానీ గుమ్మంలోంచి కదల్లేదు.