లింబాద్రి ఊపిరి

కామారెడ్డి బస్టాండు వెనుక, బట్టల దుకాణం మీది అంతస్తులో చక్రధర్ రికార్డింగు స్టూడియో. ఎల్లారెడ్డి నుంచి పొద్దుటి బస్సులో వచ్చిన నగేశ్, సన్నాయి సంచీ చంకన పెట్టుకుని దర్జాగా మెట్లెక్కాడు. దర్జా ఎందుకుండదు మరి! పోయినేడు చనిపోయిన గురువు లింబాద్రి చివరగా కట్టిన పాట వాడొక్కడికే వచ్చని చుట్టుపక్కల ఊళ్లన్నీ నమ్మాయి.

అసలది లింబాద్రి పాట కానే కాదు. నగేశే కట్టాడు. తన పేరు చెప్పి వాయిస్తే పెండ్లిండ్లలో ఒక్కరూ విస్తరి మీంచి తలెత్తలేదు. "పానం పోయే ముందు లింబాద్రి బాపు నాకు చెప్పిండు" అనగానే అదే పాటకు ముసలోళ్లు కండ్లు తుడుచుకున్నారు. ఏం మనుషులో!

బీడీలు తాగి తాగి రొమ్ము చెడిన లింబాద్రి, పాట ముగించే ముక్తాయింపుకు ముందు గర్రుమని ఊపిరి లాగేవాడు. ఆ ఊపిరిని కూడా నగేశ్ అచ్చం దింపాడు. గురువు పోయాక ఆయన పాటలో ముక్తాయింపు శిష్యుడు ఊదకూడదు, అక్కడ ఆగి డోలుకు వదిలేయాలి. అది వాళ్ల మేళం కట్టుబాటు. గురువు పాటే కానప్పుడు ఆగేదేందని నగేశ్ తానే ముగించేవాడు.

"అన్నా, లోపల కూసో. నేను చెయ్యెత్తంగనే షురూ చెయ్," అన్నాడు చక్రధర్.

చిన్న అద్దాల గది. గోడలకు నల్ల స్పాంజి. తలుపు మూయగానే బజారు గోల, ఆటోల హారన్లు, అన్నీ చచ్చిపోయాయి. అద్దం అవతల చక్రధర్ చెయ్యెత్తాడు.

నగేశ్ వాయించాడు. బాగా వాయించాడు. ముక్తాయింపు దగ్గర ఆగి ఊపిరి లాగబోయాడు...

గర్ర్...

వాడు లాగలేదు. మెడ వెనక ఎవరో లాగారు. గదంతా బీడీ కంపు.

"నా పాటంటివి గదరా..." చెవిలో గుసగుస. "మరి నన్నే ఊదనియ్యి."

సన్నాయి నోట్లోకి దూసుకొచ్చింది. ముందు పండ్లు పటపటా విరిగాయి. అరవబోతే అరుపు కూడా పాటైపోయింది. సన్నాయి రంధ్రాల్లోంచి నెత్తురు వేళ్ల మీదికి చిమ్మింది. వెనక నుంచి రెండు చేతులు పక్కటెముకల్ని పిండుతున్నాయి... ఒకటి విరిగింది... ఇంకోటి... ఉన్న గాలంతా పోతోంది... లోపలికి రావట్లేదు...

కండ్లు మూసుకుని మురిసిపోతూ తలూపుతున్న చక్రధర్, అద్దం మీద నెత్తురు అప్పుడు చూశాడు. "ఓరి దేవుడా!" అని పరుగెత్తి నగేశ్‌ను బయటికి ఈడ్చాడు.

అంతలో స్పీకర్లు వాటంతటవే మోగాయి. అదే పాట. ముగిశాక ముసలి గొంతు.

"ఇది నగేశ్ కట్టిన పాట. నాది గాదు."

ఆ మాట కోసమే నగేశ్ ఇన్నేండ్లూ కొట్టుకున్నాడు. నేల మీద పడి ఉన్నా వాడి కండ్లలో నీళ్లు తిరిగాయి.

గర్ర్... స్పీకర్లలో మళ్లీ ఊపిరి. అప్పుడే నగేశ్ రొమ్ము లేచింది. అది ఆగితే రొమ్ము పడిపోయింది. తాను లాగుదామంటే రావట్లేదు.

"ఇదేందన్నా, బందే అయితలేదు!" చక్రధర్ వైరు పట్టుకున్నాడు. వద్దని నగేశ్ చెయ్యెత్తాడు... చక్రధర్ పీకేశాడు.

స్పీకర్లు ఆగిపోయాయి.

గర్ర్... ఈసారి ఖాళీ అద్దాల గదిలోంచి. నగేశ్ రొమ్ము లేచింది. అక్కడే చూపు నిలిపి పడి ఉన్నాడు.

లోపలి నుంచి ఎవరో, చప్పుడు దాటనివ్వని ఆ గది తలుపు మెల్లగా మూస్తున్నారు.